పాట కింద నడిచే పాట: సోల్ నుంచి హౌస్ దాకా వినడం ఎలా

మనం పాట వినేది ఎక్కువగా గొంతు కోసం, మాట కోసం. ఎవరు పాడారు, ఎవరు రాశారు, బాణీ ఎవరిది అని అడుగుతాం. బేస్ గిటార్ ఎవరు వాయించారని అడిగినవాళ్లను మాత్రం మా ఇంట్లోగానీ స్నేహితుల్లోగానీ నేను చూడలేదు. అదే అలవాటుతో అమెరికా నల్లజాతి సంగీతకారుల సోల్ (చర్చి పాటల ఆవేశంతో పాడే పాట), జాజ్-ఫంక్ (ఊపుగా తిరిగే బేస్, డ్రమ్స్ మీద వాయించే జాజ్), డిస్కో, హౌస్ (డ్రమ్ యంత్రం మీద నడిచే నాట్య సంగీతం) రికార్డుల దగ్గరికి వెళితే రెండు నిమిషాల్లో విసుగు పుడుతుంది. ఒకే ముక్కను తిప్పి తిప్పి వాయిస్తున్నారే, చరణం ఎప్పుడొస్తుందని చూస్తూ కూర్చుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే కూర్చున్నాను. ఆ చరణం రాదు. ఈ రికార్డుల్లో అసలు వ్యవహారమంతా గొంతు కింద, బేస్‌లోనూ డ్రమ్స్‌లోనూ జరుగుతుంది. చెవిని అక్కడికి దించడమే మనం నేర్చుకోవలసింది.

నేను తప్పులు చేసుకుంటూ నేర్చుకున్న వరుస ఇది. ఒక్కో మెట్టుకు ఒక వారం ఇవ్వండి. రోజుకు అరగంట చాలు. మెట్లు దాటేసి హౌస్ దగ్గరికి ఉరకవద్దు. ముందున్నవి వినకపోతే అది ఉత్త గడియారపు చప్పుడులా వినిపిస్తుంది.

మొదటి మెట్టు: ఫోను స్పీకరును పక్కన పెట్టండి

బేస్ గిటార్‌లో అన్నిటికంటే మందమైన తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఫోనులోని గోరంత స్పీకరు అంత కిందిస్థాయి ధ్వనిని బయటికి పంపలేదు. అందుకే ఫోనులో విన్నవారికి ఈ సంగీతంలో సగం అందదు. ఆ పోయిన సగమే ముఖ్యమైనది. మామూలు ధరలో దొరికే హెడ్‌ఫోన్లు చాలు. చెవులను పూర్తిగా కప్పేవైతే మరీ మంచిది. స్పీకర్లు ఉంటే వాటిని గోడ మూలకు నెట్టకండి. మూలలో బేస్ ఉబ్బిపోయి స్వరాలన్నీ కలిసి ఒకే గుయ్యిమనే మోతవుతుంది. యాప్‌లో బేస్ పెంచే మీట ఉంటే దాన్ని ఆపేయండి. ఈ రికార్డులు చేసినవాళ్లు బేస్ ఎంత ఉండాలో లెక్క చూసుకునే చేశారు.

గ్రామఫోన్ కొనాలన్న కోరికను ఇప్పటికి అదుపులో పెట్టుకోండి. దాని సంగతి చివర్లో చెబుతాను.

రెండో మెట్టు: చప్పట్లు ఎక్కడ కొట్టాలి?

ఈ వారానికి మొదట ఒకే ఒక్క పాట: 1962లో వచ్చిన 'గ్రీన్ ఆనియన్స్'. బుకర్ టి అండ్ ది ఎంజీస్ అనే బృందం వాయించింది. గాయకులు లేరు, కాబట్టి మాటల కోసం వెతుక్కునే పని లేదు. ఆర్గన్, గిటార్, బేస్, డ్రమ్స్, అంతే. మెంఫిస్ నగరంలో మూతపడిన ఒక సినిమా హాలును స్టాక్స్ రికార్డ్స్ వాళ్లు స్టూడియోగా మార్చుకున్నారు. హాలు నేల తెర వైపు వాలుగా ఉండేది, దాన్ని చదును చేయలేదు. స్టాక్స్ రికార్డుల్లో వినిపించే ఆ గది గాలి, ఆ కరకుదనం కొంత ఆ హాలు ఇచ్చినవే.

నాలుగు వరకు లెక్కపెడుతూ వినండి. మనకు సహజంగా ఒకటి, మూడు మీద చప్పట్లు పడతాయి. ఇక్కడ రెండు, నాలుగు మీద కొట్టాలి. కర్రతో కొడితే పదునుగా మోగే చిన్న డ్రమ్ము, స్నేర్ డ్రమ్, పడేది అక్కడే. మొదటి రోజు చెయ్యి మాట వినదు. మూడో రోజుకు మెడ దానంతట అదే ఊగడం మొదలుపెడుతుంది.

అది కుదిరాక జేమ్స్ బ్రౌన్ 1967లో చేసిన 'కోల్డ్ స్వెట్' పెట్టండి. రెండు, నాలుగు మీద ఉన్న బరువును ఆయన ఆవృత్తంలోని మొదటి దెబ్బకు మార్చాడు. ఎవరు ఎక్కడ తిరిగినా ఒకటి మీదికి వచ్చి చేరవలసిందేనని తన బృందాన్ని శాసించేవాడు. కచేరీల్లో తనియావర్తనం విన్నవారికి ఇది కొత్తేమీ కాదు. మృదంగం ఎంత దూరం పోయినా సమానికి వచ్చి పడినప్పుడు తల పంకిస్తాం చూశారా, అదే సంగతి. తేడా ఒక్కటే: అక్కడ పది నిమిషాలు ఊరించి ఒకసారి పడితే, ఇక్కడ రెండు మూడు సెకన్లకోసారి పడుతుంది. ఫంక్ అన్నది ఇక్కడి నుంచే మొదలైంది.

మూడో మెట్టు: ఒకే పాట, నాలుగుసార్లు

ఈ వారం మీద తొందరపడవద్దు. మార్విన్ గే పాడిన 'వాట్స్ గోయింగ్ ఆన్' తీసుకోండి. 1971 జనవరిలో విడుదలైంది. చేసినది డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ సంస్థ. బెర్రీ గోర్డీ 1959లో కుటుంబం దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని, వెస్ట్ గ్రాండ్ బులేవార్డ్ వీధిలో ఒక మామూలు ఇంటిని స్టూడియోగా చేసి నడిపిన సంస్థ అది. అక్కడ జీతానికి వాయించే బృందానికి ఫంక్ బ్రదర్స్ అని పేరు. పదేళ్ల పాటు హిట్ల మీద హిట్లు వాయించినా రికార్డు అట్టల మీద వాళ్ల పేర్లు వేయలేదు. ఈ పాట పేరుతోనే వచ్చిన ఆల్బం మీద మొదటిసారి వేశారు.

మొదటిసారి బేస్ ఒక్కటే వినండి. మిగతావన్నీ ఉన్నా లేనట్టే. వాయించినది జేమ్స్ జేమర్సన్. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే తీగలు మీటేవాడు. తోటివాళ్లు ఆ వేలికి 'కొక్కెం' అని పేరు పెట్టారు. ఈ పాట రికార్డు చేసిన రాత్రి మద్యం మత్తులో బల్ల మీద కూర్చోలేక, నేల మీద వెల్లకిలా పడుకుని వాయించాడని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. కథ ఎలా ఉన్నా, ఆ బేస్ గొంతుకు తాళం వేస్తూ ఊరుకోదు. గొంతు ఆగిన చోట తాను మాట అందుకుంటుంది, గొంతు సాగిన చోట ఒక స్వరం మీద నిలిచి ఎదురుచూస్తుంది. ఒక వాక్యం చివర అది దిగే మెట్లను మీరు కూనిరాగంగా తీయగలిగితే మొదటిసారి వినడం పూర్తయినట్టు.

రెండోసారి తాళవాద్యాలు. చేతులతో వాయించే కాంగా డ్రమ్ములు, వేళ్ల చిటికెలు, వెనక సన్నగా నడిచే డ్రమ్స్. మూడోసారి మార్విన్ గే గొంతు, కాదు, గొంతులు. ముఖ్యగానం ఆయన రెండు రకాలుగా పాడి ఉంచాడు. ఏది బాగుందో పోల్చుకుంటానంటే, ఇంజనీరు పొరపాటున రెండింటినీ ఒకేసారి వినిపించాడు. విన్నవాళ్లకు అది నచ్చి అలాగే ఉంచేశారు. హెడ్‌ఫోన్లలో వింటే ఒక మార్విన్ చెబుతుంటే ఇంకో మార్విన్ ఊకొడుతున్నట్టు వినిపిస్తుంది. నాలుగోసారి ఇవన్నీ వదిలేసి మొదట్లో వినిపించే మాటల సందడిని, పైన తేలే వయొలిన్లను వినండి. ఆ సందడిలో ఉన్నది ఆయన స్నేహితులు. డెట్రాయిట్ జట్టు ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఇద్దరు కూడా వాళ్లలో ఉన్నారు.

నాలుగుసార్లూ అయ్యాక, ఐదోసారి ఏమీ పట్టించుకోకుండా వినండి. అప్పుడు వినిపించేది మొదటిరోజు విన్న పాట కాదు. ఈ కసరత్తు ఒక్క పాటతో చేస్తే చాలు, తర్వాత చెవి తనంతట తానే చేసుకుంటుంది.

నాలుగో మెట్టు: వంతపాట

బుర్రకథ చూసినవారికి ఇది తేలిక. కథకుడు ఒక ముక్క అంటాడు, వంతలు 'తందాన తాన' అని అందుకుంటారు. ఆ అందుకోవడం లేకపోతే కథకు ఊపిరి ఆడదు. సోల్ గానం పుట్టింది నల్లజాతి చర్చిలలో. అక్కడ బోధకుడు ఒక మాట అంటే సభ మొత్తం బదులు పలుకుతుంది. ఆ అలవాటు రికార్డుల్లోకి వచ్చాక సభ స్థానంలో వెనక పాడే స్త్రీలు, ట్రంపెట్ లాంటి కొమ్ము వాద్యాలు, ఒక్కోసారి గిటార్ కూడా చేరాయి.

దీనికి 'రెస్పెక్ట్' కంటే మంచి పాఠం లేదు. పాట ఓటిస్ రెడ్డింగ్‌ది. 1965లో ఆయనే పాడాడు, అందులో ఇంటికొచ్చిన భర్త మర్యాద అడుక్కుంటాడు. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ దాన్ని అందుకుని భార్య వైపు నుంచి పాడింది. ఆమెది అడుక్కోవడం కాదు. ఓటిస్ పాటలో లేనిది ఆమె చేర్చింది: పాట పేరును అక్షరం అక్షరంగా విడదీసి పలికే ఆ భాగం. వెనక వంత పాడింది ఆమె సొంత అక్కచెల్లెళ్లు ఎర్మా, క్యారొలిన్. రెండు రికార్డులూ వెంటవెంటనే వినండి. వంత ఎక్కడ పడుతుందో వేళ్ల మీద లెక్కపెట్టండి. ఒకే పాట ఇద్దరి చేతుల్లో రెండు వేర్వేరు ఇళ్లలా ఎలా నిలబడిందో అర్థమవుతుంది.

అరీతా గొంతు విరుపులను మన గమకాలతో పోల్చడం అందరూ చేసే పనే, నేనూ చేశాను. పోలిక కొంతదూరమే నడుస్తుంది. గమకం రాగం గీసిన గీత మీద నడుస్తుంది. ఇక్కడి విరుపు ఆ క్షణంలో ఆవేశం ఎటు తోస్తే అటు పోతుంది.

ఐదో మెట్టు: పదిహేను నిమిషాల ఓపిక

హెర్బీ హాంకాక్ జాజ్ పియానో వాద్యకారుడు. 1973లో 'హెడ్ హంటర్స్' అనే ఆల్బం చేశాడు. నాలుగే ముక్కలు. మొదటిది 'కమీలియన్', పదిహేను నిమిషాల పైచిలుకు. మొదలయ్యే ఆ బేస్ వరుస గిటార్ మీద వాయించినది కాదు, ఆర్ప్ ఒడిస్సీ అనే సింథసైజర్ (విద్యుత్తుతో ధ్వనులు పుట్టించే వాద్యం) మీద హాంకాకే వాయించాడు. అది తిరుగుతూ ఉంటుంది. దాని మీదికి డ్రమ్స్ వస్తాయి, తర్వాత మరొకటి, మరొకటి. పెళ్లి పందిరిలో ఒక్కొక్క చుట్టం వచ్చి కూర్చుంటున్నట్టు ఉంటుంది. ఎవరు ఎన్నో నిమిషానికి వచ్చారో కాగితం మీద రాసుకోండి. నవ్వులాటకు చెప్పడం లేదు, నిజంగా రాయండి. సుమారు సగం దగ్గర నడక మొత్తం మారిపోతుంది. అక్కడి నుంచి వినిపించేది ఫెండర్ రోడ్స్ అనే విద్యుత్ పియానో. లోపల సన్నటి లోహపు కడ్డీలను చిన్న సుత్తులు కొడతాయి, ఆ కంపనాన్ని విద్యుత్తు పెద్దది చేస్తుంది. గంటకూ పియానోకూ మధ్యలో ఉండే ఆ గుండ్రటి ధ్వని 1970ల సంగీతమంతటా పరుచుకుని ఉంది. ఒకసారి గుర్తుపట్టారంటే ఇక దాన్ని తప్పించుకోలేరు.

అదే ఆల్బంలో 'వాటర్‌మెలన్ మ్యాన్' మొదట్లో వేణువులా వినిపించేది బిల్ సమ్మర్స్ బీరు సీసాలోకి ఊదిన చప్పుడు. మధ్య ఆఫ్రికా అడవుల్లోని పిగ్మీల ఈల సంగీతం నుంచి ఆ పద్ధతి తీసుకున్నాడు.

డ్రమ్స్ వాయించిన హార్వీ మేసన్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఆరో మెట్టు: కాలి దెబ్బ నేలకు దిగిన రోజు

1973. ఫిలడెల్ఫియా నగరంలో సిగ్మా సౌండ్ స్టూడియో. హెరాల్డ్ మెల్విన్ అండ్ ది బ్లూ నోట్స్ బృందం కోసం 'ది లవ్ ఐ లాస్ట్' పాట తయారవుతోంది. ముందుగా అనుకున్నది నెమ్మదిగా సాగే విషాద గీతం. అలా కుదరలేదు, వేగం పెంచారు. డ్రమ్స్ వాయించే ఎర్ల్ యంగ్ అప్పుడు ఒక పని చేశాడు. కాలితో కొట్టే పెద్ద డ్రమ్మును ఆవృత్తంలోని నాలుగు దెబ్బలకూ కొట్టాడు. ప్రతి రెండు దెబ్బల మధ్యా, చిన్న తాళాల జతలా ఉండే హై-హ్యాట్‌ను కొద్దిగా తెరిచి 'త్స్' మనిపించాడు. ధమ్-త్స్, ధమ్-త్స్. డిస్కో నడకకు మూలం ఎక్కడని వెతికినవాళ్లు ఎక్కువగా ఈ రికార్డు దగ్గరే ఆగుతారు.

పాట విషాదమే, కాళ్లు మాత్రం ఆగవు. టెడ్డీ పెండర్‌గ్రాస్ గొంతు ఏడుస్తూ ఉంటే కింద డ్రమ్స్ నడిపిస్తూనే ఉంటాయి. డిస్కోను తేలిక సరుకని చప్పరించేవారికి నేను ముందు వినిపించేది ఈ రికార్డే.

ఇక్కడ కొంచెం యంత్రాల సంగతి తెలుసుకోవాలి. అప్పటి పాటలు 7 అంగుళాల చిన్న రికార్డుల మీద వచ్చేవి. ఒక్కో వైపు మూడు, నాలుగు నిమిషాలు. బేస్ ఎంత గట్టిగా ఉంటే రికార్డు మీది గాడి అంత వెడల్పుగా ఊగాలి. చోటు లేకపోతే బేస్ తగ్గించక తప్పదు. 1970ల నడుమ టామ్ మోల్టన్ అనే ఆయన పాటలను నాట్యశాలల కోసం పొడిగించి కలుపుతుండేవాడు. ఒకరోజు 7 అంగుళాల ఖాళీ పలకలు అయిపోయి, పెద్ద పలక మీద గాడులను దూరదూరంగా పరిచి చెక్కించారు. ధ్వని ఒక్కసారిగా విశాలమైంది. అలా పుట్టిన 12 అంగుళాల సింగిల్‌ను బజారులో మొదట అమ్మకానికి పెట్టినది సాల్సోల్ సంస్థ. 1976లో డబుల్ ఎక్స్‌పోజర్ బృందం పాట 'టెన్ పర్సెంట్'. వాల్టర్ గిబ్బన్స్ అనే డీజే మూడు నిమిషాల పాటను తొమ్మిది నిమిషాలు దాటించాడు. వాయించిన వాళ్లలో ఎర్ల్ యంగ్ కూడా ఉన్నాడు. సిగ్మా స్టూడియోలో వాయించే బృందంలో చాలామంది అప్పటికి సాల్సోల్ వైపు వెళ్లారు.

కాబట్టి డిస్కోలో నిడివి సాగదీత కాదు. రేడియో కోసం కత్తిరించిన పొట్టి పాట విని డిస్కో విన్నామనుకోవడం, దోశ అంచు తుంచుకుని తిని దోశ తిన్నామనుకోవడం లాంటిది. షిక్ బృందం 1979లో చేసిన 'గుడ్ టైమ్స్' ఎనిమిది నిమిషాల పూర్తి రూపం వినండి. నడుమ ఒక చోట అన్నీ ఆగిపోయి బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్, డ్రమ్స్, చప్పట్లు మాత్రమే మిగులుతాయి. తర్వాత ఒక్కొక్కటే తిరిగి వచ్చి చేరుతుంది. 'కమీలియన్' వినేటప్పుడు రాసుకున్న కాగితం ఇక్కడ అక్కరకొస్తుంది. నైల్ రాడ్జర్స్ గిటార్‌ను విడిగా పట్టుకోండి. తీగలు మోగించడం కంటే మోగకుండా నొక్కిపట్టడమే ఎక్కువ చేస్తాడు.

ఎలా వినాలన్న దానికి న్యూయార్క్‌లోని డేవిడ్ మంకూసో మంచి గురువు. 1970 ఫిబ్రవరి 14న బ్రాడ్‌వేలోని తన ఇంట్లోనే మొదలుపెట్టిన నాట్య రాత్రులకు 'ది లాఫ్ట్' అని పేరొచ్చింది. పిలిచినవాళ్లే రావాలి, మద్యం అమ్మరు. నల్లవారు, లాటినోలు, తెల్లవారు, గే యువత కలిసి ఆడేవారు. ఒక రికార్డును ఇంకోదానిలో కలిపేయడం ఆయనకు రానురాను నచ్చలేదు. పాటను మొదటి నుంచి చివరి దాకా వేసి, ఆగాక ఇంకోటి వేసేవాడు. ఇంట్లో మీరూ అలాగే చేయండి.

ఏడో మెట్టు: మనిషి లేచి యంత్రానికి చోటిచ్చాడు

1977, జర్మనీలోని మ్యూనిక్. జార్జియో మొరోడర్, పీట్ బెలాట్ అనే నిర్మాతలు కలిసి డోనా సమ్మర్ చేత 'ఐ ఫీల్ లవ్' పాడించారు. బేస్ గిటార్ లేదు, వయొలిన్లు లేవు. మూగ్ సింథసైజర్ అంతా తానే అయి నడిపింది. కాలి డ్రమ్మును మాత్రం కీత్ ఫోర్సీ అనే మనిషి వాయించాడు. హెడ్‌ఫోన్లలో వినండి. బేస్ స్వరం ఒక చెవిలో పడుతుంది, దాని ప్రతిధ్వని రెండో చెవిలో బదులిస్తుంది. వేగం అంతా ఆ రెండింటి మధ్యనుంచే వస్తుంది.

రెండేళ్లకు, 1979 జులై 12న, షికాగోలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో డిస్కో అంటే గిట్టని స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత ఆ రికార్డుల గుట్టను పేల్చి కాల్చాడు. రికార్డు తెచ్చినవారికి టికెట్టు 98 సెంట్లే. జనం మైదానంలోకి దూసుకొచ్చి, ఆ రోజు ఆడవలసిన రెండు ఆటల్లో రెండోది రద్దయింది. ఆ రోజు అక్కడ సీట్లు చూపించే పనిలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రవాడు ఉన్నాడు. జనం తెచ్చిన వాటిలో డిస్కో కానివి, నల్లవారు పాడారన్న ఒక్క కారణంతో తెచ్చినవి చాలా ఉన్నాయని అతను తర్వాత చెప్పాడు. 1984లో జెస్సీ సాండర్స్‌తో కలిసి అతను చేసిన 'ఆన్ అండ్ ఆన్' తొలి హౌస్ రికార్డులలో ఒకటి. అదే నగరం, ఐదేళ్ల తర్వాత. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టుకుని వింటేనే హౌస్ ఎందుకంత పట్టుదలగా కొడుతుందో తెలుస్తుంది.

పేరు వేర్‌హౌస్ అనే క్లబ్బు నుంచి వచ్చింది. 1977 నుంచి 1982 దాకా అక్కడ రికార్డులు వేసినది ఫ్రాంకీ నకల్స్. పాత డిస్కో, ఫిలడెల్ఫియా సోల్ రికార్డులనే తీసుకుని పొడిగించేవాడు, తర్వాతి రోజుల్లో వాటి కింద డ్రమ్ యంత్రం పెట్టాడు. ఈ మెట్టుకు అభ్యాసం కూడా అదే. ఫస్ట్ చాయిస్ బృందం 1977లో పాడిన 'లెట్ నో మ్యాన్ పుట్ అసండర్' వినండి. వెంటనే 1983లో నకల్స్ చేసిన రీమిక్స్ వినండి. ఏమి తీసేశాడు, ఏమి మిగిల్చాడు? డిస్కో హౌస్‌గా మారడం మీ చెవి ముందే జరుగుతుంది.

తర్వాత లారీ హెర్డ్ చేసిన 'కెన్ యూ ఫీల్ ఇట్'. 1986ది. మార్షల్ జెఫర్సన్ 'మూవ్ యువర్ బాడీ' కూడా అప్పటిదే. ఆయన తపాలా శాఖలో ఉద్యోగి. అంత వేగంగా పియానో వాయించడం రాక, నెమ్మదిగా వాయించి యంత్రంలో వేగం పెంచుకున్నాడు. హౌస్ వేగం కొలవడానికి పరికరాలేమీ అక్కర్లేదు: గడియారంలో సెకను గడిచే లోపు రెండు దెబ్బలు పడితే నిమిషానికి 120. అటూ ఇటూగా అక్కడే ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: అట్ట వెనక చదవండి, రికార్డు చూసి కొనండి

గాయకుల పేరు పట్టుకుని వెళితే ఒకరి పాటలే వింటారు. వాయించినవారి పేరు పట్టుకుని వెళితే ఊళ్లు తిరుగుతారు. హార్వీ మేసన్‌ను గుర్తుంచుకోమన్నాను కదా. అతని వెంట వెళితే ట్రంపెట్ వాద్యకారుడు డొనాల్డ్ బర్డ్ 1973లో చేసిన 'బ్లాక్ బర్డ్' దగ్గరికి చేరతారు. అక్కడ బేస్ చక్ రైనీ. అతని వెంట వెళితే మళ్లీ అరీతా ఫ్రాంక్లిన్ గుమ్మం ముందే తేలతారు. స్ట్రీమింగ్ యాప్‌లలో ఈ పేర్లు చాలాసార్లు కనిపించవు. ఆల్బం వెనక అట్ట బొమ్మను వెతికి చదువుకోవాలి.

యాప్‌లలో ఇంకో చిక్కు ఉంది. ఒకే పాటకు ఐదారు రూపాలు ఉంటాయి. నిడివి చూసి ఎంచుకోండి. డిస్కోకు మూడు నిమిషాలది వదిలేసి పొడవైనది తీసుకోండి. సోల్‌కు తరచుగా దీనికి తలకిందులుగా ఉంటుంది. పొట్టి సింగిల్ రూపమే గట్టిగా, ఒకే ముద్దగా తగులుతుంది. 'మళ్లీ రికార్డు చేసినది' అని ఉంటే ముట్టుకోకండి.

గ్రామఫోన్ విషయం. పాత సామాను అమ్మే ఒక దుకాణంలో చౌకగా దొరికిందని నేనొకటి తెచ్చుకున్నాను. సూది అరిగి ఉందని అమ్మినాయన చెప్పలేదు, చూసుకునే తెలివి నాకూ లేదు. మూడు మంచి రికార్డుల గాడులు గీరుకుపోయాక తెలిసింది. కొనేటట్టయితే ముందు సూది మార్చండి, సూదిని మోసే చేతికి ఉండవలసిన బరువు చాలా సూదులకు రెండు గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, దాన్ని తూచే చిన్న త్రాసు కొనుక్కోండి. పాత రికార్డును దీపం కింద వంచి చూడండి. వేలిగోటికి తగలని సన్నగీతలు పెద్దగా బాధించవు, గోటికి తగిలేవి ప్రతి తిప్పుకూ టక్కుమంటాయి.

ఇవన్నీ అయ్యాక ఒక చిన్న దారి మన దేశం వైపు ఉంది. షికాగోలో ఫ్యూచర్ బృందం 1987లో 'యాసిడ్ ట్రాక్స్' తెచ్చినప్పుడు టీబీ-303 అనే యంత్రపు మెలికలు తిరిగే ధ్వని కొత్తగా వినిపించింది. బేస్ వాయించే మనిషికి బదులుగా రోలాండ్ సంస్థ తయారుచేసిన ఆ డబ్బా సరిగ్గా అమ్ముడుపోక, పాత సామానులోకి చేరి చౌకగా దొరికేది. దానికి ఐదేళ్ల ముందే, 1982లో, బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ అదే టీబీ-303ను, టీఆర్-808 డ్రమ్ యంత్రాన్ని పెట్టుకుని డిస్కో నడక మీద పది రాగాలు వాయించి ఆల్బం చేశాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ఆశ్చర్యపోయింది. అందులో భూపాలి ఉంది, మనకు మోహనం. మాల్కౌంస్ ఉంది, మనకు హిందోళం. రాగం తెలిసిన చెవి పైన ఉన్న స్వరాల వెంట పరుగెత్తుతుంది. మొదటిసారి దాన్ని పోనివ్వండి. రెండోసారి కాలి దెబ్బను మాత్రమే వినండి.